400 మీటర్లలో చివరి 100: అలసటలో పరుగు తీరు చెడకుండా శిక్షణ ఎలా తీసుకోవాలి?

400 మీటర్ల పరుగులో మూడో వంద దాటాక తొడలు బిగుసుకుపోతాయి, భుజాలు పైకి లేస్తాయి, ఎంత గింజుకున్నా అడుగు ముందుకు పడనట్టు అనిపిస్తుంది. స్టామినా లేకపోవడమే దీనికి కారణమని మైదానంలో చాలామంది చెబుతారు. ఇంకా ఎక్కువ పరుగెత్తమని సలహా ఇస్తారు. ఆ సలహా విని రోజూ పూర్తి దూరం పూర్తి వేగంతో పరుగెత్తి, నెల తిరిగేసరికి తొడ వెనుక కండరం పట్టేసి ఇంటి దగ్గర కూర్చునే కుర్రవాళ్లు ప్రతి జిల్లా మైదానంలోనూ కనిపిస్తారు. ఆ దశలో కండరంలో ఎంత శక్తి మిగిలిందన్నది ఒక ప్రశ్న, మిగిలిన శక్తిని నేల మీదికి నెట్టగలుగుతున్నారా అన్నది ఇంకొక ప్రశ్న. రెండో దానికి జవాబు మీ పరుగు తీరులోనూ, మీరు క్రమంగా శిక్షణ పొందిన ఏళ్లలోనూ ఉంటుంది. శిక్షణ మొదలుపెట్టే ముందు ఈ రెండింటినీ తేల్చుకోవాలి.

ముందుగా మీ పరుగు ఏ కోవలోదో చూసుకోండి

ఆక్సిజన్ ద్వారా అందే శక్తి చాలనప్పుడు కండరం తన సొంత నిల్వల నుంచి తెచ్చిపెట్టగల మొత్తం శక్తినే వాయురహిత సామర్థ్యం అంటారు. మొదటి ఆరు నుంచి పది సెకన్లు ప్రధానంగా కండరంలో నిల్వ ఉండే క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం ఆదుకుంటుంది. ఆ తర్వాత కండరంలో నిల్వ ఉన్న చక్కెర రూపమైన గ్లైకోజన్ ఆక్సిజన్ లేకుండానే విచ్ఛిన్నమవుతూ శక్తినిస్తుంది. శరీరానికి కావలసిన ఆక్సిజన్‌కూ నిజంగా అందినదానికీ మధ్య పేరుకునే లోటును బట్టి ప్రయోగశాలల్లో ఈ సామర్థ్యాన్ని లెక్కకడతారు. నార్వేకు చెందిన మెడ్‌బో బృందం 1988లో ఈ పద్ధతిని వివరించింది.

ఆస్ట్రేలియాలో బాగా శిక్షణ పొందిన రన్నర్ల మీద చేసి 2001లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 200 మీటర్లలో 29 శాతం, 400లో 43 శాతం, 800లో 66 శాతం, 1500లో 84 శాతం శక్తి ఆక్సిజన్ ద్వారానే వస్తుంది. మిగతాదంతా వాయురహితం. అంటే 400 మీటర్లలో సగానికి పైగా శక్తి కండరంలోని నిల్వల నుంచే రావాలి.

కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్లు సాధన చేస్తున్నవారు ఈ లెక్కను శ్రద్ధగా చూడాలి. ఆ పరుగు ఆరేడు నిమిషాలు సాగుతుంది కాబట్టి అందులో వాయురహిత భాగం 1500 మీటర్ల మేటి రన్నర్లకు ఉన్నదానికన్నా కూడా తక్కువే. మీకు మొదట కావలసింది వారానికి నాలుగైదు రోజుల నిదానమైన పరుగు. ఇక్కడ చెప్పే పని చివరి 200 మీటర్ల ఊపుకోసం వారానికి ఒక్కసారి చేస్తే చాలు. 400, 800 మీటర్ల పోటీల్లో పాల్గొనేవారికి మాత్రం ఇదే ప్రధానమైన పని.

మీ శిక్షణ వయసును నిజాయితీగా లెక్కేసుకోండి

శిక్షణ వయసు అంటే మీరు క్రమంగా శిక్షణ పొందిన కాలం. అందులోంచి మధ్యలో నెలల తరబడి మానేసిన కాలాన్ని తీసేయండి. నిదానంగా జాగింగ్ చేసిన కాలాన్ని వేరుగా రాసుకోండి. వారానికి కనీసం రెండుసార్లు దాదాపు పూర్తి వేగంతో పరుగెత్తిన కాలాన్ని మాత్రమే ఇక్కడ లెక్కలోకి తీసుకోండి.

మెడ్‌బో మరో పరిశోధకుడితో కలిసి 1990లో ప్రచురించిన ఫలితాలు ఈ కఠినమైన లెక్కకు ఆధారం. స్ప్రింటర్ల వాయురహిత సామర్థ్యం శిక్షణ లేనివారి కంటే సుమారు 30 శాతం ఎక్కువగా ఉంది. దూర పరుగుల వారిది మాత్రం శిక్షణ లేనివారితో దాదాపు సమానంగానే ఉంది. ఏళ్ల తరబడి పది కిలోమీటర్లు పరుగెత్తినా ఈ సామర్థ్యం దానంతట అది పెరగదన్నమాట. అదే అధ్యయనంలో ఆరు వారాల వేగ శిక్షణతో పురుషుల్లో సుమారు 10 శాతం పెరుగుదల కనిపించింది. కాబట్టి అయిదేళ్లు జాగింగ్ చేసి ఇప్పుడు 400 మీటర్లకు వచ్చినవారు తమను తాము మొదటి ఏడాది రన్నర్లుగానే చూసుకోవాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. గాయం కాకుండా కాపాడేది ఆ లెక్కే.

కొలత: ఆరు సార్లు 35 మీటర్లు

ప్రయోగశాల అందుబాటులో లేనివారికి బ్రిటన్‌లో రూపొందిన ఒక మైదాన పరీక్ష బాగా పనికొస్తుంది. టేపుతో 35 మీటర్లు కొలిచి రెండు చివర్లా సున్నం గీత గీయండి. ఇరవై నిమిషాల వార్మప్, మూడు నాలుగు వేగవంతమైన పరుగులు, ఆపైన అయిదు నిమిషాల విశ్రాంతి. తర్వాత 35 మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తి, 10 సెకన్లు మాత్రమే ఆగి, తిరుగు దిశలో మళ్లీ పరుగెత్తాలి. ఇలా మొత్తం ఆరు సార్లు. స్టాప్‌వాచ్‌తో ఒకరు పరుగునూ ఇంకొకరు విశ్రాంతినీ చూసుకోవాలి. ఒంటరిగా ఈ పరీక్ష చేయడం కుదరదు.

ప్రతి పరుగు శక్తినీ వాట్లలో లెక్కకట్టడానికి శరీర బరువును 1225తో గుణించి, సమయం ఘనంతో భాగించాలి. 1225 అంటే 35 వర్గం. 60 కిలోల యువకుడు మొదటి పరుగును 5.2 సెకన్లలో, చివరిదాన్ని 6.1 సెకన్లలో ముగించాడనుకుందాం. మొదటి పరుగు శక్తి సుమారు 523 వాట్లు, చివరిది సుమారు 324. తేడా 199. ఆరు పరుగుల మొత్తం సమయం 33.7 సెకన్లు అయితే, 199ని దానితో భాగించగా వచ్చే 5.9 అతని అలసట సూచీ. ఈ అంకెను పక్కవాడి అంకెతో పోల్చకండి. చేతి గడియారంతో కొలిచినప్పుడు పొరపాట్లు సహజం. అదే మనిషి, అదే నేల, అదే బూట్లతో ఆరు వారాల తర్వాత వచ్చే అంకెతో పోల్చినప్పుడే దానికి అర్థం ఉంటుంది.

అలసట సూచీ తక్కువగా ఉండటం ఎప్పుడూ మంచి గుర్తేనని అనుకోవద్దు. మొదటి ఏడాది రన్నర్లలో చాలామందికి అది చక్కగా తక్కువగానే వస్తుంది. మొదటి పరుగులోనే వేగం లేనప్పుడు చివరి పరుగుకు తగ్గడానికి ఏమీ ఉండదు. ముందు మొదటి పరుగు శక్తిని చూడండి, తర్వాతే తేడాను.

ఫోనుతో మీ అడుగును చూడండి

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని ఇదే, అయినా మైదానాల్లో ఎక్కువమంది చేయనిదీ ఇదే. ఈ రోజుల్లో చాలా ఫోన్లు సెకనుకు 240 ఫ్రేములు తీస్తాయి. అంటే ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. పాదం నేలను ఎంతసేపు తాకి ఉందో కొలవడానికి ఈ మాత్రం చాలు.

ప్రామాణిక ట్రాక్‌లో ఒక్కో మలుపు సుమారు 115.6 మీటర్లు, ఒక్కో తిన్నని భాగం సుమారు 84.4 మీటర్లు. 400 మీటర్లు మలుపులో మొదలవుతుంది కనుక ఎదుటి తిన్నని భాగంలో 150 మీటర్ల దగ్గర మీరు ఇంకా తాజాగా ఉంటారు. చివరి తిన్నని భాగంలో 370 మీటర్ల దగ్గర పూర్తిగా అలసిపోయి ఉంటారు. ఈ రెండు చోట్లా 20 మీటర్ల మేర గుర్తులు పెట్టి, మైదానం లోపలి వైపు నుంచి, ట్రాక్‌కు లంబంగా, నడుము ఎత్తున ఫోను పట్టుకుని ఒకరిని నిలబెట్టండి. మట్టి మైదానమైతే కొలతలు మారతాయి కానీ పద్ధతి అదే.

రెండు వీడియోల్లో నాలుగు విషయాలు చూసి రాసుకోండి. 20 మీటర్లకు ఎన్ని ఫ్రేములు పట్టాయి, అందులో ఎన్ని అడుగులు పడ్డాయి, పాదం నేల మీద ఎన్ని ఫ్రేములు ఉంది, పాదం నేలను తాకిన క్షణంలో మోకాలికి ఎంత ముందుంది. మేటి స్ప్రింటర్ల పాదం పూర్తి వేగంలో నేల మీద ఉండేది సెకనులో పదో వంతు, అంటే సుమారు 24 ఫ్రేములు. మీది 30 ఉన్నా దిగులు పడనక్కర్లేదు. 150 మీటర్ల దగ్గర 30 ఉన్నది 370 దగ్గర ఎంతకు పెరిగిందన్నదే అసలు విషయం.

తేడాను ఎలా చదవాలి?

2000 సంవత్సరంలో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన స్ప్రింట్ గురించి అప్పటిదాకా ఉన్న ఒక నమ్మకాన్ని మార్చింది. వేగవంతులు గాల్లో కాలును మరింత చకచకా ఆడించడం వల్లే ముందుంటారని అనుకునేవారు. కాలును ముందుకు తెచ్చుకునే సమయంలో వేగవంతులకూ నెమ్మదస్తులకూ పెద్ద తేడా లేదని, వేగవంతులు నేలను ఎక్కువ బలంతో తంతారని ఆ పరిశోధన చూపించింది. పాదం నేల మీద ఉండే ఆ కొద్ది సమయంలో అంత బలం ఇవ్వాలంటే చీలమండ, మోకాలు, తుంటి కుంగకుండా నిలవాలి. అలసటలో ముందుగా చెడేది ఈ నిలకడే. తుంటి కిందికి దిగుతుంది, పాదం నేల మీద ఎక్కువసేపు ఉంటుంది, ప్రతి అడుగులోనూ ఎత్తుకు ఎక్కడానికే కొంత శక్తి వృథా అవుతుంది. వాయురహిత నిల్వ వేగంగా తరిగిపోతున్న ఆ క్షణాల్లోనే ఖర్చు కూడా పెరుగుతుంది. కారుతున్న కుండలో నీళ్లు పోసినట్టు, తీరు సరిగా లేని రన్నర్‌కు సామర్థ్యం ఎంత పెంచినా చివరి వందకు అందేది తక్కువే.

మీ రెండు వీడియోల్లో మూడు రకాల ఫలితాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది. 370 మీటర్ల దగ్గర పాదం మోకాలికి బాగా ముందుగా, మడమతో పడుతూ ఉంటే మీరు అలసటను పెద్ద అడుగులతో జయించాలని చూస్తున్నారు. ప్రతి అడుగూ బ్రేకు వేస్తోంది. ఇది శిక్షణ వయసు తక్కువ ఉన్నవారిలో మామూలు లోపం, సరిదిద్దితే అన్నిటికన్నా త్వరగా ఫలితం వచ్చేదీ ఇదే. పాదం సరైన చోటే పడుతూ నేల మీద ఉండే సమయం మాత్రం బాగా పెరిగితే కాళ్లలో బలం చాలడం లేదని అర్థం. తీరు దాదాపు మారకుండా అడుగుల వేగం మాత్రమే తగ్గితే, అప్పుడు నిజంగానే మీ వాయురహిత సామర్థ్యానికి పని చెప్పాలి. అనుభవజ్ఞుల్లో ఎక్కువగా కనిపించేది ఈ మూడోదే.

చివర్లో వేగం తగ్గడం దానంతట అదే లోపం కాదని కూడా గుర్తుపెట్టుకోండి. 2016 రియో ఒలింపిక్స్‌లో వేడ్ వాన్ నీకెర్క్ 43.03 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన పరుగులోనూ రెండో 200 మొదటి 200 కంటే సుమారు 2 సెకన్లు నెమ్మదిగా సాగింది. 2012 లండన్‌లో డేవిడ్ రుడిషా 800 మీటర్లను 1 నిమిషం 40.91 సెకన్లలో ముగించినప్పుడు మొదటి చుట్టు 49.28 సెకన్లు, రెండోది 51.63. మేటి రన్నర్లు కూడా నెమ్మదిస్తారు. అయితే వారి తుంటి కుంగదు, తల వెనక్కి వాలదు.

తీరును సరిదిద్దే పని

వార్మప్ తర్వాత, తాజాగా ఉన్నప్పుడు పది నిమిషాలు. మోకాళ్లు ఎత్తి గెంతుతూ నడిచే ఏ-స్కిప్, చీలమండ బిగించి చిన్న చిన్న గెంతులు, నడుము నిటారుగా పెట్టి 30 మీటర్ల పరుగు. మనసులో ఒకే మాట పెట్టుకోండి: పాదం తుంటి కిందే పడాలి. ఒకేసారి అయిదు విషయాలు తలుచుకుంటే ఒక్కటీ కుదరదు. చేతుల విషయం కూడా ఇంతే. పిడికిలి గట్టిగా బిగిస్తే భుజం బిగుస్తుంది. వేళ్లను వదులుగా ఉంచి మోచేతిని వెనక్కి కొట్టండి, అది ముందుకు దానంతట అదే వస్తుంది.

దీనికి తోడు వారానికి ఒకసారి ఎత్తు ఎక్కే పరుగు చేయండి. చెరువు కట్ట మీదికి వెళ్లే మట్టి దారి అయినా సరే, రాళ్లూ వాహనాలూ లేకపోతే చాలు. ఎత్తు ఎక్కేటప్పుడు పాదాన్ని మరీ ముందుకు చాచడం కుదరదు కనుక తీరు చాలావరకు దానంతట అదే సరిపడుతుంది. గరిష్ఠ వేగం ఉండదు కాబట్టి తొడ వెనుక కండరానికి ప్రమాదం కూడా తక్కువ. దీనికి మరో లాభం ఉంది. చదునుగా పరుగెత్తినప్పటి కంటే ఎత్తు ఎక్కినప్పుడు కాలిలో ఎక్కువ కండరం పనిలోకి దిగుతుందని, ఆక్సిజన్ లోటు కూడా ఎక్కువగా నమోదవుతుందని 1997 నాటి పరిశోధన చూపింది. తీరూ సామర్థ్యమూ ఒకే పనిలో బాగుపడే ఇలాంటి అవకాశం ఇంకొకటి నాకు తెలియదు.

సామర్థ్యాన్ని పెంచే పని, శిక్షణ వయసును బట్టి

మొదటి ఏడాదిలో ఉన్నవారు వారానికి రెండు వేగ దినాలకు మించి పెట్టుకోవద్దు. ఒక రోజు 30 లేదా 40 మీటర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల నడక. ఇంకొక రోజు ఎత్తు మీదికి 8 నుంచి 10 సెకన్లు ఆరు సార్లు. ఒక నెల తర్వాత ఈ రెండో రోజుకు బదులుగా అప్పుడప్పుడు 150 మీటర్లు మూడు సార్లు, పూర్తి వేగంలో తొంభై శాతంతో, ఆరు నుంచి ఎనిమిది నిమిషాల విశ్రాంతితో చేయవచ్చు. మిగిలిన రోజుల్లో ఇరవై ముప్పై నిమిషాల తేలిక పరుగు. 300 మీటర్లను పూర్తి వేగంతో ఇప్పుడే ముట్టుకోకండి. చెడిన తీరును వందల అడుగుల పాటు అభ్యాసం చేసినట్టవుతుంది.

ఏడాది నుంచి మూడేళ్ల అనుభవం ఉన్నవారు ఒక రోజు 60 మీటర్ల పరుగులు చేయాలి. రెండో రోజు ఎత్తు మీదికి 20 నుంచి 25 సెకన్లు అయిదు సార్లు. మూడో రోజు 250 మీటర్లు రెండు సార్లు, మధ్యలో పది నుంచి పదిహేను నిమిషాలు, లేదా 200 మీటర్లు నాలుగు సార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాలు. విశ్రాంతి ఎక్కువున్న పనిలో వేగం పెరుగుతుంది, తక్కువున్న పనిలో అలసటను ఓర్చే శక్తి పెరుగుతుంది. రెండింటినీ ఒకే వారంలో కలపకండి.

మూడేళ్లు దాటినవారికి నేను గట్టిగా సూచించేది విడగొట్టిన 400. 300 మీటర్లు పోటీ వేగంతో, ఒక్క నిమిషం నిలబడి విశ్రాంతి, వెంటనే 100 మీటర్లు పూర్తి వేగంతో. ఆ 100ను ఫోనులో తీయాలి. పదిహేను నిమిషాల తర్వాత ఇంకొక్కసారి, అంతే. పోటీ చివరి వందలో ఉండే అలసటను కొంచెం అదుపులో ఉంచి, ఆ స్థితిలోనే తుంటిని నిలిపే అభ్యాసం ఇది.

విశ్రాంతిని ఇష్టం వచ్చినట్టు కుదించకండి. ఖర్చయిన క్రియాటిన్ ఫాస్ఫేట్‌లో సగం దాకా అర నిమిషంలోనే తిరిగి వస్తుంది కానీ దాదాపు పూర్తిగా రావడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు పడుతుంది. పూర్తి వేగం కావలసిన పనిలో నిమిషం విశ్రాంతితో మళ్లీ పరుగెత్తితే మీరు చేసేది వేరే శిక్షణ. కఠినమైన రెండు దినాల మధ్య కనీసం 48 గంటలు, 250 మీటర్లు దాటిన పని తర్వాత 72 గంటలు ఉంచండి. మర్నాటి కాళ్ల నొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమని ఇప్పటికీ మైదానాల్లో చెబుతున్నారు. కానీ ఆ ఆమ్లం రూపమైన లాక్టేట్ రక్తంలో గంట, గంటన్నరలోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పి కండర తంతువులు దెబ్బతినడం వల్ల వచ్చేది, కనుక నొప్పి ఉండగా స్ప్రింట్ చేయకూడదు.

'టబాటా' పేరుతో జిమ్‌లలో చేయిస్తున్న నాలుగు నిమిషాల వ్యాయామం గురించి చాలామంది అడుగుతారు. 1996లో జపాన్‌లో ఇజుమి టబాటా బృందం చేసిన అసలు ప్రయోగంలో 20 సెకన్ల పని, 10 సెకన్ల విశ్రాంతి ఏడెనిమిది సార్లు చేయించారు. ఆరు వారాల్లో వాయురహిత సామర్థ్యం 28 శాతం పెరిగింది. అయితే అది సైకిల్ యంత్రం మీద, చాలా తీవ్రంగా చేయించిన పని. సైకిల్ మీద అలసిపోయినా పాదం తప్పు చోట పడే ప్రశ్న లేదు. ట్రాక్ మీద అదే పద్ధతిలో పరుగెత్తితే నాలుగో విడతకే తీరు చెదిరిపోతుంది. చేయాలనుకుంటే సైకిల్ మీదే చేయండి.

ఎప్పుడు ఆపాలి?

తీరు చెడిన వెంటనే ఆ రోజు పని ముగిసినట్టే. వాంతి అయ్యేదాకా పరుగెత్తించడాన్ని గొప్పగా చెప్పుకునే అలవాటు మన మైదానాల్లో ఉంది. అది శిక్షణ అంటే నేను ఒప్పుకోను. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఊపిరి అందకపోవడం కనిపిస్తే వెంటనే ఆపి వైద్యుడిని కలవాలి. ఏప్రిల్, మే నెలల్లో కఠినమైన పని ఉదయం ఏడు లోపే ముగించాలి.

ఏజెన్సీ ప్రాంతాల నుంచి వచ్చే రన్నర్లకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. మన గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త వ్యాధికి వాహకులు, అంటే జబ్బు లేకున్నా దాని జన్యువు ఉన్నవారు, ఎక్కువ. వాహకులకు రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు కానీ, విరామం లేకుండా పదే పదే పూర్తి వేగంతో పరుగెత్తినప్పుడు, అందులోనూ ఎండలో, కండరాలు దెబ్బతిని కుప్పకూలే ప్రమాదం ఉంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వమే పరీక్షలు చేయిస్తోంది. పరీక్ష చేయించుకుని ఫలితాన్ని మీ కోచ్‌కు చెప్పండి. వాహకులైనా పరుగు మానక్కర్లేదు. వారికి విశ్రాంతి సమయాలు పెంచాలి, నీళ్లు దగ్గరే ఉంచాలి, కండరాలు ఉన్నట్టుండి నీరసించినట్టు అనిపిస్తే వెంటనే కూర్చోబెట్టాలి.

ఆరు వారాలు పూర్తయ్యాక మూడు రోజులు తేలికగా గడిపి, 35 మీటర్ల పరీక్షను మళ్లీ చేయండి. ఒక రోజు వదిలి 400 మీటర్లు పరుగెత్తి, పాత గుర్తుల దగ్గరే వీడియో తీయండి. శక్తి పెరిగి 370 మీటర్ల దగ్గర తీరు మెరుగుపడకపోతే రాబోయే ఆరు వారాల్లో ఎత్తు పరుగులనూ ఏ-స్కిప్ లాంటి డ్రిల్స్‌నూ పెంచండి. తీరు మెరుగై సమయం మారకపోతే 200, 250 మీటర్ల పనిని పెంచండి. పోటీ దగ్గర పడితే చివరి కఠినమైన పని పోటీకి ఏడు నుంచి పది రోజుల ముందే పూర్తి కావాలి. ఆ తర్వాత మూడు రోజులకు ఒకసారి 60 మీటర్లు మూడు నాలుగు సార్లు చేస్తే సరిపోతుంది.